ఒక్క దారం, ఎన్నో దారులు: ‘లైన్’ అనే మాట వెనక కథ

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఉన్న పర్లాకిమిడిలో మా ఇంటి వరండాలో సాయంత్రాలు పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, పరీక్షలో ఇంగ్లీషు రాయాల్సిన పిల్లలు వీళ్లు. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి పాఠంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. ‘ద సోల్జర్స్ హెల్డ్ ద లైన్.’ దాని పక్కన పెన్సిల్‌తో సన్నగా రాసుకుంది: సైనికులు ఫోన్ పెట్టేయకుండా ఉన్నారు.

“ఫోన్‌లో హోల్డ్ ద లైన్ అంటారు కదా టీచర్, పెట్టేయొద్దు అని. మరి యుద్ధంలో ఫోనెందుకొచ్చింది?”

ఒక్క మాటలో జవాబు చెప్పేసి ముందుకు పోవచ్చు. కానీ ఆ పిల్ల తప్పు రాసిందని నాకు అనిపించలేదు. తనకి తెలిసిన చోటు నుంచి అర్థం తెచ్చుకుంది, అంతే. ఆ మాట ఎన్ని చోట్ల తిరిగి వచ్చిందో ఎవరూ చెప్పకపోతే తనకెలా తెలుస్తుంది?

‘లైన్’కి నిఘంటువు చూస్తే గీత, రేఖ, వరుస, తాడు, తీగ, పంక్తి, వంశం, హద్దు, మార్గం, వృత్తి అని పొడుగాటి పట్టిక కనిపిస్తుంది. పిల్లలు దాన్ని బట్టీ పడతారు. నాలుగో రోజుకి సగం పోతుంది, మిగిలిన సగం ఎక్కడ వాడాలో తెలియదు. పట్టికలో ఆ అర్థాలు సంతలో పరిచిన సరుకుల్లా విడివిడిగా ఉంటాయి. నిజానికి అవన్నీ ఒకే ఇంటివాళ్లు. వాళ్ల ఇల్లెక్కడో తెలిస్తే ఒక్కొక్కరినీ మొహం చూసి గుర్తుపట్టొచ్చు.

ఆ ఇల్లు అవిసె చేను. లాటిన్‌లో అవిసె మొక్కని ‘లీనుమ్’ అనేవారు. ఇప్పుడు ఆరోగ్యానికని అందరూ తింటున్న అవిసె గింజలు దాని గింజలే. మనం ఆకూ పువ్వూ వండుకునే అవిసె చెట్టు వేరు. ఆ మొక్క కాండం నుంచి నార తీసి పేనిన దారాన్ని ‘లీనేయా’ అన్నారు. ఇంగ్లీషులో తాడు అనే అర్థంతో పాత ‘లైన్’ ఒకటి ముందే ఉంది. ఫ్రెంచి వైపు నుంచి ‘లీన్యు’ వచ్చి దానితో కలిసిపోయింది. లినెన్ బట్ట ఆ మొక్కదే. గింజల నూనెని లిన్‌సీడ్ ఆయిల్ అంటారు, అదీ ఆ మొక్కదే. టైలరు జాకెట్టు లోపల వేసే ‘లైనింగ్’ కూడా అక్కడిదే. పూర్వం ఆ లోపలి అస్తరు లినెన్ బట్టతో వేసేవారు కాబట్టి ఆ పేరొచ్చింది. అందుకే ఇంగ్లీషులో ‘లైన్’ క్రియగా రెండు రకాలు. చెట్లు రోడ్డుకి బారులు తీరితే ఒక ‘లైన్’, కోటుకి అస్తరు వేస్తే ఇంకో ‘లైన్’. మొదటిది దారం నుంచి పుట్టింది, రెండోది బట్ట నుంచి.

సరే, దారం గీత ఎలా అయింది? ఇది పుస్తకం చదివితే నాకు తలకెక్కలేదు. మా వీధిలో ఒక ఇంటికి పునాది వేస్తుంటే అర్థమైంది.

పొద్దున్నే మేస్త్రీ వచ్చాడు. నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి దారం బిగించి కట్టాడు. వేలితో మీటితే తంబూరాలా మోగేంత బిగువు. తర్వాత దారం వెంబడే గుప్పిట్లోంచి ముగ్గు వదులుకుంటూ నడిచాడు. చివరికి చేరి దారం విప్పేసి చుట్టుకుంటే నేల మీద తెల్లటి గీత మిగిలింది. దారం పోయింది, దాని గుర్తు ఉంది. ‘లైన్’ తాడు నుంచి గీతగా మారిన క్షణం నా కళ్ల ముందే జరిగింది. తవ్వకం అయ్యాక మళ్లీ దారం కట్టి దాని వెంబడి ఇటుకలు పేర్చాడు. అది వరుస. మధ్యాహ్నం పక్కింటాయన వచ్చి, ముగ్గు తన స్థలంలోకి జానెడు వచ్చిందేమోనని నిలబడి చూశాడు. అది హద్దు. కూలీ ఒకతను ఇటుక కాస్త ముందుకి పెడితే “దారం చూసి పెట్టు” అని మేస్త్రీ కేకేశాడు. అది నియమం. తాడు, గీత, వరుస, హద్దు, నియమం. నిఘంటువు ఒక పేజీ తీసుకున్న పని ఆ మేస్త్రీ మధ్యాహ్నం అన్నం వేళకి పూర్తి చేశాడు.

ఇందులో మనకి కొత్తేమీ లేదు. సంస్కృతంలో సూత్రం అంటే మొదటి అర్థం దారమే. మంగళసూత్రంలో ఆ అర్థం ఇంకా బతికుంది. ఆ దారమే కొలతగా, కొలత నియమంగా, నియమం పాణిని సూత్రంగా, చివరికి లెక్కల పుస్తకంలో ఫార్ములాగా మారింది. ఇంగ్లీషువాడి ‘గైడ్‌లైన్’ని మనం మార్గదర్శక సూత్రం అంటున్నామంటే అక్కడా దారమే, ఇక్కడా దారమే. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నది కాదు. బిగించిన దారం చూసిన వాళ్లెవరికైనా తట్టే ఆలోచన అది.

అయితే ఇంగ్లీషు ఒక్క మాటతో నడిపిన పనిని మన భాషలు చాలా మాటలకి పంచాయి. అక్కడే పిల్లలు తడబడేది. బట్టలు ఆరేసే లైన్ మనకి దండెం. చేపలు పట్టే లైన్ గాలం తాడు. అరచేతిలోది రేఖ, మొహం మీదిది ముడత, కాగితం మీదిది గీత, చీమలది బారు. ఒడియాలోనూ అంతే: గీస్తే ‘గార’, నిలబడితే ‘ధాడి’. ‘లైన్ అంటే గీత’ అని ఒక్క మాట నేర్చుకుని వెళ్లిన పిల్లవాడికి దండెం దగ్గరే దారి తప్పుతుంది.

పంక్తి అనే మాట కథ ఇంకా బాగుంటుంది. పుస్తకంలో రాత వరుస పంక్తి. పెళ్లిలో విస్తళ్ల ముందు కూర్చునే వరుసా పంక్తే. అది మన నోళ్లలో నలిగి ‘బంతి’ అయింది. మొదటి బంతి లేచింది, రెండో బంతికి కూర్చోండి అంటాం. ‘బంతిలో వలపక్షం’ అన్న సామెత ఒకే వరుసలో కూర్చున్నవాళ్లకి తేడాగా వడ్డించడం గురించి. రాతలో లైను, భోజనాల్లో లైను మన భాషలోనూ ఒకే మాట కింద చేరాయన్నమాట.

పద్యం దగ్గర మాత్రం పెద్ద గుంట ఉంది, ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు పడతారు. ఇంగ్లీషు పద్యంలో ‘లైన్’ని మనం పాదం అంటాం. వేమన ఆటవెలదికి నాలుగు పాదాలు. పాదం అంటే ఇంగ్లీషులో ‘ఫుట్’ కదా అని పిల్లలు తిరగేస్తారు. కానీ వాళ్ల ఛందస్సులో ఫుట్ అంటే లైన్‌లో ఒక చిన్న ముక్క, దాదాపు మన గణంలాంటిది. వాళ్ల లైన్ మన పాదం, వాళ్ల ఫుట్ మన గణం. ఇది ఒకసారి పలక మీద గీసి చూపిస్తే చాలు, మళ్లీ తప్పు చేయరు.

వంశం అనే అర్థం ఇంకో చిత్రం. రాజుల ‘లైన్’ అంటే తండ్రి నుంచి కొడుక్కి తెగకుండా వచ్చే దారం. మనం వంశం అంటాం. సంస్కృతంలో వంశం అంటే వెదురు, కణుపు మీద కణుపుగా పెరిగేది. వాళ్లు దారం పోగు చూసి అన్నారు, మనవాళ్లు వెదురు కణుపులు చూసి అన్నారు. నాకు మన పోలికే నచ్చుతుంది, ఎందుకంటే ఒక్కో తరం ఎక్కడ ముగిసి ఎక్కడ మొదలైందో కణుపులో కనబడుతుంది. మా గుణుపురం మీదుగా పారే నది పేరులోనూ ఆ మాట ఉంది: వంశధార.

ఇక తీగ. టెలిగ్రాఫ్ వచ్చాక స్తంభాల మధ్య వేలాడే తీగ లైన్ అయింది, తర్వాత టెలిఫోను, కరెంటు. ఇక్కడ సరిహద్దు మనుషులకే తెలిసిన తేడా ఒకటుంది. శ్రీకాకుళం వైపు కరెంటు పోయింది అంటారు. మా వైపు, ఒడియావాళ్ల అలవాటు మనకీ అంటుకుని, ‘లైను పోయింది’ అంటాం. కరెంటు అంటే తీగలో పారేది, లైన్ అంటే అది పారే తీగ. పారేది పోయినా తీగ పోయిందనడం అన్నమాట.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా, మా గజపతి జిల్లా రెండూ నేలమట్టమైనంత పనయింది. కొబ్బరి చెట్లు, జీడితోటలు, కరెంటు స్తంభాలు పడిపోయాయి. కొన్నాళ్లకి సిగ్నల్ దొరికి టెక్కలిలో మా అత్తకి ఫోన్ చేశాను.

“ఎలాగున్నారే అమ్మా?” అంది.

“బాగానే ఉన్నాం అత్తా. లైను లేదు.”

“లైను నేకపోతే ఎలాగ మాటాడతన్నావే?”

ఫోన్ లైన్ అనుకుంది ఆమె. నేను చెప్పింది కరెంటు గురించి. ఆ వారం మా నోట్లో ఆ మాట ఎన్ని పనులు చేసిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. తాగే నీళ్ల ట్యాంకర్ దగ్గర లైను. బియ్యానికి లైను. ‘లైన్‌మన్ వచ్చాడా’ అని వీధి చివర పొద్దుటి నుంచి చీకటి పడేదాకా అడగడం. ‘లైన్ కలవట్లేదు’ అని కొండ వైపు ఊళ్లలో ఉన్న బంధువుల కోసం ఏడుపు. వరుస, తీగ, ఫోన్ సంబంధం అన్నీ అదే మాట, ఒక్కసారి కూడా ఎవరికీ అర్థం కాకుండా పోలేదు, మా అత్తకి తప్ప. ఆమెకీ అర్థం కాకపోవడానికి కారణం మధ్యలో ఉన్న ఇంకో లైను, రాష్ట్ర సరిహద్దు.

ఆ లైను గురించి చెప్పాలంటే ముందు రైలు లైను గురించి చెప్పాలి. నౌపడ నుంచి పర్లాకిమిడికి రైలు 1900లో వచ్చింది. పర్లాకిమిడి రాజావారు వేయించుకున్న రెండున్నర అడుగుల సన్న పట్టాల లైను. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. పెద్ద పట్టాలు వేయడానికి 2004లో ఆపేసి, 2011లో మళ్లీ నడిపారు. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఆంధ్రలో. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ఒడిశాలో. ఒకే లైను సరిహద్దు లైనుని కోసుకుని వెళుతుంది. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. రాజావారి ఎస్టేటు రెండు ముక్కలై పర్లాకిమిడి పట్టణం ఒడిశా వైపు, మహేంద్రతనయ నదికి అవతల ఉన్న పాతపట్నం మద్రాసు వైపు పడ్డాయి. అంటే ఈ రైలు లైను ఆ సరిహద్దు లైను కంటే 36 ఏళ్లు పెద్దది. జనం ముందు నుంచే అటూ ఇటూ తిరుగుతున్న దారిని అడ్డంగా తర్వాత గీసిన గీత అది.

ఆ గీతని ఒప్పుకోలేక ఊరు వదిలి వెళ్లినవాళ్లలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఒకరు. జీవితంలో ఎక్కువ భాగం ఇక్కడే గడిపి, ఇక్కడి బడిలో పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టిన మనిషి. జనం మాట్లాడేదే భాష అని పట్టుబట్టిన ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. నేను ఇక్కడ కూర్చుని ‘లైను పోయింది’ లాంటి మాటల్ని శ్రద్ధగా రాసుకుంటున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

సరిహద్దు అనే అర్థంలో ఇంగ్లీషు ‘లైన్’కి పేర్లు చాలా ఉన్నాయి. 1893లో ఆఫ్ఘనిస్తాన్ వైపు డ్యూరాండ్ లైన్, 1914లో టిబెట్ వైపు మెక్‌మహోన్ లైన్, 1947లో భారత్, పాకిస్తాన్ మధ్య రాడ్‌క్లిఫ్ లైన్. మనిషి పేరు పెట్టి లైన్ అన్నారంటే ఎవరో బల్ల ముందు కూర్చుని పటం మీద గీశారని అర్థం. తెలుగు పత్రికలు నియంత్రణ రేఖ, వాస్తవాధీన రేఖ అని రేఖ వాడతాయి. పొలానికి మాత్రం గట్టు, ఊరికి పొలిమేర. సాలూరు, పొట్టంగి మధ్య కొండల్లో ఉన్న, ఆంధ్ర, ఒడిశా రెండూ మావే అనే కొటియా గ్రామాల వివాదం 1968లో సుప్రీంకోర్టుకి చేరింది, యథాతథ స్థితి కొనసాగించమన్నారు. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. లైను ఎక్కడుందో తేలకపోతే రెండు వైపులా నిలబడటం తప్ప వాళ్లేం చేస్తారు?

హద్దు అర్థం నుంచి పుట్టినదే ‘క్రాస్ ద లైన్’. దీనికి మనకి తయారుగా మాట ఉంది: గీత దాటడం. ‘వాళ్ల నాన్న గీసిన గీత దాటడు’ అంటాం. లక్ష్మణ రేఖ తెలిసిన పిల్లలకి దీన్ని విడిగా చెప్పక్కర్లేదు. అయితే నావికుల కథల్లో ‘క్రాసింగ్ ద లైన్’ వస్తే అది భూమధ్యరేఖ దాటడం, అందులో తప్పేమీ లేదు. ‘పావర్టీ లైన్’ దారిద్ర్య రేఖ. నేల మీద ఎవరూ గీయని గీత, కానీ దానికి పైనున్నావా కిందున్నావా అన్నదాన్ని బట్టి బియ్యం వచ్చేవి.

‘డెడ్‌లైన్’ మాత్రం పిల్లలకి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెబుతాను. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియాలోని ఆండర్సన్‌విల్ అనే యుద్ధఖైదీల శిబిరం లోపల గోడకి కొంత దూరంలో ఒక కంచె ఉండేది. దాన్ని దాటిన ఖైదీని కాపలావాళ్లు కాల్చేసేవారు. అదీ చచ్చే గీత. తర్వాతి కాలంలో పత్రికల వాళ్లు వార్త ఇవ్వాల్సిన ఆఖరి వేళకి ఆ మాట వాడారు. మనం గడువు అంటున్నాం. గడువులో ఆ నెత్తురు లేదు, లేకపోవడమే మంచిది.

దారి అనే అర్థం రైలు నుంచి చాలా దూరం పోయింది. ‘ఎయిర్‌లైన్’ విమానాలు తిరిగే దారి పేరు మీద పుట్టి, వాటిని నడిపే కంపెనీకి పేరైంది. మనిషి ఎంచుకున్న వృత్తి కూడా లైనే: “మీ అబ్బాయి ఏ లైన్‌లో ఉన్నాడు?” ఇది తెలుగులో ఎంతగా కలిసిపోయిందంటే చదువు లేని ముసలమ్మ కూడా అడుగుతుంది. వాదన నడిచే దారి, పార్టీ నడిచే దారి కూడా లైన్లే. సినిమావాళ్లు కథని రెండు ముక్కల్లో చెప్పడాన్ని ‘లైన్ చెప్పడం’ అంటారు. ‘లైన్ క్లియర్’ అచ్చంగా రైల్వే మాట. ఒంటి పట్టాల దారిలో ముందు స్టేషను నుంచి దారి ఖాళీ అని అనుమతి వచ్చి, దానికి గుర్తు డ్రైవరు చేతికి అందితేనే బండి కదిలేది. ఇప్పుడు పెళ్లి సంబంధానికీ, ఉద్యోగం ఫైలుకీ లైన్ క్లియర్ అంటున్నాం.

కొన్ని అర్థాలు పూర్తిగా మనవే. ‘లైన్ వేయడం’ అంటే అమ్మాయి చుట్టూ తిరగడం అని ఇంగ్లీషువాడికి చెప్పినా తెలియదు. ‘మీ పేరు ఆన్‌లైన్‌లో లేదు’ అనే మాట వినని పింఛనుదారు మా దగ్గర లేడు; అక్కడ ఆన్‌లైన్ అంటే ప్రభుత్వ దస్త్రం అని అర్థం. ‘ఆన్‌లైన్ చేయించుకో’ అంటే నమోదు చేయించుకో. గుంటూరులో బ్రాడీపేట నాలుగో లైను అంటే వీధి. బ్రిటిషువాళ్ల కాలంలో సిపాయిల పాకలు బారుగా కట్టేవారు కాబట్టి ‘పోలీస్ లైన్స్’. వీటిని తప్పులనడం నాకు ఇష్టం లేదు. వచ్చిన మాటకి ఇల్లు ఇచ్చినప్పుడు అది ఇంట్లో పనులూ చేస్తుంది. కాకపోతే పరీక్షలో ఏది ఎవరి అర్థమో పిల్లలకి తెలిసుండాలి.

చిన్నవి కొన్ని త్వరగా చెప్పేస్తాను. ‘డ్రాప్ మీ ఎ లైన్’ అంటే ‘రెండు ముక్కలు రాసి పడెయ్’. నటుడి ‘లైన్స్’ అంటే అతని మాటలు. ‘రీడ్ బిట్వీన్ ద లైన్స్’ అంటే రాయని దాన్ని కూడా పట్టుకోవడం. ‘బాటమ్ లైన్’ చిట్టా పుస్తకంలో అడుగున తేలే లాభనష్టం, దాన్నుంచి తేలిన అసలు సంగతి. లెక్కల్లో ‘లైన్’ రెండు వైపులా అంతులేని రేఖ, కొసలున్నది రేఖాఖండం. మేస్త్రీ దారానికి కొసలున్నాయి, లెక్కల మాస్టారి రేఖకి లేవు.

పిల్లలకి చివరికి నేను పెట్టిన కిటుకు ఒకటే. ‘లైన్’ కనబడగానే అర్థం కోసం పరిగెత్తొద్దు, ముందు దారం వెతకండి. ఎక్కడ కట్టారు? కొసలు ఎవరి చేతుల్లో ఉన్నాయి? ఏం చేస్తే అది తెగుతుంది? ఫోన్‌లో హోల్డ్ ద లైన్ అన్నప్పుడు ఒక కొస నీ చేతిలో, ఇంకో కొస అవతలివాళ్ల చేతిలో. నువ్వు పెట్టేస్తే తెగుతుంది. యుద్ధంలో సిపాయిలు భుజం భుజం ఆనించి నిలబడ్డారు. వాళ్లే దారం, ఒక్కడు వెనక్కి తిరిగితే అక్కడ తెగుతుంది. ఆ పిల్ల పెన్సిల్‌తో రాసిన తప్పు ఒప్పుకి ఎంత దగ్గరలో ఉందో అప్పుడు తనకే కనబడింది.

కాసేపు పెన్సిల్ కొరుక్కుంటూ కూర్చుంది. వీధిలో ఎవరో “లైనొచ్చింది” అని కేకేశారు, వరండాలో దీపం వెలిగింది. పాత వాక్యం రబ్బరుతో చెరిపి, కింద రాసింది:

సైనికులు బారు తెగనివ్వలేదు.